గోమేధికము – రత్నపరీక్ష



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము గోమేధికము. దేవాలయ ప్రాంగణమున రత్నముల మాట యెందుకు, అది నగల అంగడిలో జరుగవలసిన ప్రస్తావన కదా యని కొందరు తలపవచ్చును. కాని నవగ్రహ మండపము వద్దకు వచ్చు భక్తులలో "అయ్యగారూ, మావానికి రాహు మహాదశ నడుస్తున్నదట. గోమేధికం పెట్టించమన్నారు. ఏది మంచిదో మాకు తెలియదు" అని అడుగువారు అనేకులు. రాహు మహాదశ పదునెనిమిది సంవత్సరములు. అంతకాలము కష్టములు తప్పవను భయముతో అడుగు ప్రశ్నకు సగము సమాధానము చెప్పి పంపుట ధర్మము కాదు. కావున ఆ రాయి యెట్టిదో, దానిని గుర్తించుట యెట్లో, దాని విషయమున మన కర్తవ్యమేమో వరుసగా విచారింతము.

మొదట ఒక సంగతి గమనింపుడు. రత్నములను గూర్చిన విద్యకు మన పెద్దలు పెట్టిన పేరు రత్నపరీక్ష. రత్నధారణమని కాదు, రత్నమహిమ యని కాదు, పరీక్ష యని. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో రత్నముల పట్టిక నిచ్చి, అందు గోమేదకమును కూడ పేర్కొనిరి. వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము – ఈ నాలుగింటికి వేరువేరు అధ్యాయములు వ్రాసి గుణదోషములను వివరించిరి. గరుడ పురాణమున బలాసురుని శరీర భాగములనుండి రత్నములు పుట్టిన కథ చెప్పి, ఆ వెంటనే వాటిని పరీక్షించు విధానమును చెప్పినారు. కథ విన్నవాడు పరీక్షను విడిచిపెట్టరాదని అందులోని భావము. కావున రాయిని పరీక్షించి చూచుట అపనమ్మకము కాదు, అపచారము అంతకన్న కాదు. అది శాస్త్రము చెప్పిన మొదటి మెట్టు.

మన ఊరి పేరులోనే "కల్లు" అను మాట ఉన్నది. ఊరి పేరు పుట్టుక యెట్లున్నను, సన్నికల్లు, ఒరగల్లు వంటి మాటలలో కల్లు అనగా రాయియే. ఒరగల్లు మీద గీచి చూడక బంగారమును కొనువాడు మన పల్లెలలో ఎవడును లేడు. బంగారమునకు చూపు ఆ జాగ్రత్తను రత్నమునకు చూపకపోవుట యెందుకు?

ఇక పేరు. వాడుకలో గోమేధికమని ధకారముతో పలుకుచున్నాము, వ్రాయుచున్నాము. మూలమున అది గోమేదము. మేదస్సు అనగా కొవ్వు. ఆవు కొవ్వు వంటి రంగు గలది గనుక ఆ పేరు వచ్చినది. గోమేధమను యజ్ఞము పేరుతో దీనికి సంబంధము లేదు. రసరత్నసముచ్చయమను రసశాస్త్ర గ్రంథమున మేలైన గోమేదమునకు ఎనిమిది లక్షణములు చెప్పబడినవి. వాటి సారమేమనగా: గోమూత్రపు ఛాయ, నిర్మలత్వము, నిగనిగలాడు జిడ్డు మెరుపు, హెచ్చుతగ్గులు లేని సమత్వము, చేతికి తెలియు బరువు, పొరలు లేకుండుట, నునుపు, కాంతి. ఈ ఎనిమిదిలో బరువును కూడ చెప్పిరని గుర్తుంచుకొనుడు. దాని అవసరము ముందు వచ్చును.

రంగును మన ప్రాంతపు మాటలలో చెప్పవలెనన్న, పండు మిరపకాయ ఎరుపు గోమేధికమునకు ఉండదు. ముదురు తేనెలో ఆ ఎరుపును కొంచెము కలిపినచో ఎట్లుండునో అట్లుండును. కొన్ని రాళ్ళు దాల్చినచెక్క రంగులో, కొన్ని నారింజ రంగులో ఉండును. దీపమునకు అడ్డముగా పట్టిన, లోపల నిప్పుకణిక వంటి వెలుగు కనబడును.

నవరత్నములలో దీని స్థానమేమి? వజ్రము, ముత్యము, కెంపు, నీలము, పచ్చ – ఈ ఐదును మహారత్నములనియు, పుష్యరాగము, వైడూర్యము, పగడము, గోమేధికము – ఈ నాలుగును ఉపరత్నములనియు పెద్దలు విభజించిరి. శుక్రనీతి యందు వజ్రమునకు అగ్రస్థానమును, గోమేదమునకు, పగడమునకు చివరి స్థానమును ఇచ్చినారు. పాశ్చాత్యులు దీనిని హెస్సోనైట్ అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు "తక్కువైనది" యని అర్థము. తన జాతిలోని ఇతర రాళ్ళకన్న గట్టిదనమున, బరువున ఇది కొంచెము తక్కువగుటచే ఆ పేరు పెట్టిరి. మన నీతిశాస్త్రము, వారి ఖనిజశాస్త్రము ఒకదాని నొకటి ఎరుగకయే దీనిని తక్కువ మెట్టుమీద ఉంచినవి. ఇది రాతిని నిందించుట కాదు. వజ్రపు వెల చెప్పి గోమేధికమును అమ్మజూచు వానిని గుర్తుపట్టుటకు ఈ మాట మనకు చాలును.

ఈ రాయి దేనితో ఏర్పడినది? ఇది గార్నెట్ అను ఖనిజ జాతిలోనిది. ఆ జాతిలో గ్రాస్యులర్ అను శాఖకు చెందినది. కాల్షియము, అల్యూమినియము, సిలికా, ప్రాణవాయువు – ఇవి దాని ద్రవ్యములు. ఇనుము, మాంగనీసు స్వల్పముగా చేరుటచే ఆ తేనె ఎరుపు వచ్చును. కాల్షియమనగా మనకు కొత్త వస్తువు కాదు. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చు సున్నపురాయిలో ఉన్నది అదియే. మన పల్నాటి నేల అడుగున పొరలు పొరలుగా పరచుకొన్నది అదియే. సున్నము కలిగిన శిల భూగర్భమున మిక్కిలి వేడికి, ఒత్తిడికి లోనై, ఇతర ద్రవ్యములతో కలిసినపుడు గోమేధికము పుట్టును. మన ఇంటి గోడకు వేయు సున్నమునకు, ఉంగరములో మెరయు రాతికి మూలద్రవ్యము ఒక్కటే. పొందిన తాపము వేరు, కూడిన ద్రవ్యములు వేరు. సింహళము, ఒడిశా ఈ రాతికి పేరెన్నికగన్న చోట్లు.

గార్నెట్ జాతి మన తెలుగు దేశమునకు చిరపరిచితము. సింహాచల క్షేత్రమున్న కొండ ఖొండలైట్ అను శిలతో ఏర్పడినది. ఆ శిలలో గార్నెట్ గింజలు మెండు. భీమునిపట్నపు సముద్రపు ఇసుకలోను గార్నెట్ రేణువులు కలవు. కొత్తగూడెము సమీపమున ఉన్న గరీబ్‌పేట కొండ ఎర్రని ఆల్మండైన్ గార్నెట్‌లకు ప్రాచీన స్థానము. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన పురాతన గార్నెట్‌లను పరిశోధకులు పరీక్షించి, అవి గరీబ్‌పేట రాళ్ళేయని 2017లో ప్రకటించిరి. మన పల్నాటి విషయమునకు వత్తము. 1926లో వెలుగు చూచిన నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలపు మహాచైత్యమును లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించినపుడు, ధాతువు నుంచిన భరిణెతోబాటు బంగారు పూలు, ముత్యములు, గార్నెట్‌లు లభించినవి. అనగా పదునేడు వందల ఏండ్లకు పూర్వమే ఈ జాతి రాతిని పూజ్యవస్తువుతో చేర్చి ఉంచు ఆచారము ఈ గడ్డమీద ఉండినది. అవి అన్నియు గోమేధికములని మేము చెప్పుట లేదు. ఒకే వంశపు వారిలో రంగులు, గుణములు వేరైనట్లే, గార్నెట్‌లలోను వేరువేరు శాఖలున్నవి. ఎర్రగా ఉన్నంత మాత్రమున, గార్నెట్ అయినంత మాత్రమున గోమేధికము కాదు.

ఇప్పుడు ముఖ్యమైన భాగము. గోమేధికమని చెప్పి అమ్మబడు వస్తువులు ఏవి? ఒకటి, రంగు గాజు. రెండు, సిట్రిన్ అను పసుపు స్ఫటికము. మూడు, జిర్కాన్. నాలుగు, స్పెస్సర్టైన్ అను వేరొక నారింజ గార్నెట్. వీటిలో జిర్కాన్, సిట్రిన్, స్పెస్సర్టైన్ నిజమైన రాళ్ళే, కాని గోమేధికములు కావు. గాజు రాయియే కాదు.

వీటిని వేరుచేయుటకు మొదటి సాధనము పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము. స్వర్ణకారుల వద్ద ఇది ఉండును. గోమేధికము లోపలికి చూచిన, బెల్లపు పాకము నీటిలో కరుగునపుడు కనబడు తీగల వంటి సుడులు తరచుగా కనబడును. నడుమ గుండ్రని సన్నని గింజలు కూడ ఉండవచ్చును. గాజులో గాలి బుడగలు కనబడును, అంచులు అరిగినట్లుండును. జిర్కాన్‌లో పైనుండి చూచినపుడు అడుగు పలకల గీతలు రెండేసిగా కనబడును. గోమేధికములో అట్లు రెండుగా కనబడవు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. మనవారు లోపల చిన్న మరక కనబడగానే దోషమని తోసివేసి, అద్దమువలె నిర్మలముగా ఉన్నదానిని ఎన్నుకొందురు. నిజమైన గోమేధికమునకు ఆ పాకపు తీగలు పుట్టుకతో వచ్చిన గుర్తులు. వాటిని దోషమని త్రోసిన చేయి, బుడగ కూడ లేకుండ పోతపోసిన గాజును సంతోషముగా అందుకొనుచున్నది. శాస్త్రము నిర్మలత్వమును మెచ్చినది నిజమే. కాని ఆ ఒక్క గుణమును పట్టుకొని తక్కిన ఏడింటిని విడువమని చెప్పలేదు.

రెండవ సాధనము బరువు. రసశాస్త్రము చెప్పిన లక్షణమిది. ఏ వస్తువైనను నీటిలో ముంచి తూచిన, తాను తొలగించిన నీటి బరువంత తగ్గును. గోమేధికము అంతే పరిమాణము గల నీటికన్న సుమారు 3.6 రెట్లు బరువు. ఒక కారట్ అనగా 200 మిల్లీగ్రాములు. 9 కారట్ల గోమేధికము 1.8 గ్రాములు తూగును. దానిని సన్నని దారముతో కట్టి నీటిలో తూచిన అర గ్రాము తగ్గి 1.3 గ్రాములు చూపవలెను. అదే బరువు గల సిట్రిన్ అయినచో సుమారు 0.68 గ్రాము తగ్గును. సాధారణపు గాజు దాదాపు 0.7 గ్రాము తగ్గును. జిర్కాన్ 0.4 గ్రామునకు లోపుగానే తగ్గును. స్పెస్సర్టైన్ సుమారు 0.43 గ్రాము తగ్గును. ఉంగరములో బిగింపని విడిరాతికి మాత్రమే ఈ పరీక్ష పనికివచ్చును. అందుచేత రాతిని చూచి, తూచి, తరువాతనే బిగింపించుకొనవలెను. గాజులలో కొన్నిటిని బరువుగా తయారుచేయుదురు కనుక ఈ ఒక్క పరీక్షతో తృప్తిపడరాదు. భూతద్దము, త్రాసు రెండును కలిసి చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

పాలలో వేసి చూచుట, గోమూత్రములో ఒక రాత్రి ఉంచి రంగు మారునేమో చూచుట వంటి పద్ధతులు కొన్నిచోట్ల ఉన్నవి. ఆచారముగా శుద్ధి చేయుట వేరు, గుర్తించుట వేరు. ఆ పద్ధతులతో గాజును, గోమేధికమును వేరుచేయుట సాధ్యము కాదు. గీచి చూచుట కూడదు, మంచి రాయి పాడగును. నిప్పుసెగ తగులనీయరాదు.

అనుమానము తీరకున్న రత్నపరీక్షా ప్రయోగశాలకు పంపవచ్చును. వారు కాంతి రాతిలో వంగు తీరును కొలిచి చెప్పుదురు. గోమేధికమునకు ఆ సంఖ్య 1.74 దరిదాపులలో ఉండును. సిట్రిన్‌కు 1.55 మించదు. వారిచ్చు పత్రములో "గ్రాస్యులర్ – హెస్సోనైట్" అని ఉన్నదా, బరువు, కొలతలు, ఛాయాచిత్రము మీ రాతికి సరిపోవుచున్నవా చూచుకొనుడు. ఆ పత్రము రాయి ఏదో చెప్పును. రాహువు ఏమి చేయునో చెప్పదు.

కొనునపుడు బరువును కారట్లలో వ్రాయించుకొనుడు. రత్తి యను తూకము అసలు గురివింద గింజ బరువు. వర్తకములో దానికి వేరువేరు లెక్కలున్నవి గనుక అందులో మోసమునకు తావు కలదు. రశీదు మీద రాతి పేరు, బరువు, వెల మూడును ఉండవలెను. రశీదు ఉన్నచో, మోసము జరిగినపుడు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి జిల్లా కమిషన్ నాశ్రయించు హక్కు మీకు కలదు. రశీదు అడిగిన "దైవకార్యమునకు రశీదు ఏమిటండీ" అనువాని వద్ద కొనకుడు. దైవకార్యము పేరు చెప్పి లెక్క దాచువానికి దైవభయము లేదని గ్రహింపుడు.

ఇంతవరకు రాతిని గూర్చి చెప్పితిమి. ఇక ధరించువారిని గూర్చి చెప్పవలెను. మేమెరిగిన ఒక కౌలు రైతు కుటుంబమున్నది. పెద్దకుమార్తెకు సంబంధములు వచ్చి తప్పిపోవుచుండెను. ఎవరో జాతకము చూచి, రాహుదోషము గలదు, పదకొండు దినములలో గోమేధికము ధరింపకున్న ఈ ఏడు పెండ్లి కాదని చెప్పిరి. రాయిని కూడ వారే తెచ్చి ఇచ్చిరి. ఆ తండ్రి మిరపకోత కూలీలకు ఇయ్యవలసిన పైకము దానికి పెట్టి, కూలీలకొరకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. కొన్ని నెలలకు ఉంగరము వదులైనదని నరసరావుపేటలో ఒక స్వర్ణకారుని వద్దకు తీసికొనిపోగా, ఆయన రాతిని ఊడదీసి, అద్దముతో చూచి, తూచి, అది గాజు అని చెప్పెను. తండ్రి సిగ్గుతో ఎవరికిని చెప్పలేదు. తల్లి మాత్రము గుడికి వచ్చి అడిగిన ప్రశ్న ఇది: "దొంగరాయి పెట్టినందుకు రాహువుకు ఇంకా కోపం వచ్చి ఉంటుందా అండీ?"

చూచితిరా! పోయిన డబ్బునకు ఆమె ఏడ్వలేదు. మోసగించిన వానిని తిట్టలేదు. మోసపోయినది తానై, నేరము కూడ తనదేయని భయపడినది. తెలియనితనము, భయము రెండును కలిసిన చోట మనిషి పరిస్థితి ఇట్లుండును. ఆ తల్లికి మేము చెప్పిన సమాధానమునే మీ అందరికి చెప్పుచున్నాము.

రాహువు కథను స్మరింపుడు. క్షీరసాగరమును మథించి అమృతమును పొందినపుడు, జగన్మోహిని దేవతలకు పంచుచుండగా, స్వర్భానుడను అసురుడు దేవతల వేషము ధరించి వారి పంక్తిలో కూర్చుండెను. సూర్యుడును చంద్రుడును అతనిని గుర్తించి స్వామికి తెలిపిరి. చక్రముచే శిరస్సు ఖండింపబడెను. అమృతము సోకిన ఆ శిరస్సు గ్రహత్వమును పొందెను. కథలోని సారమేమి? మేలివారి వరుసలో వేషము వేసికొని కూర్చున్న నకిలీని గుర్తించుట. గోమేధికముల వరుసలో కూర్చున్న గాజు కూడ అట్టిదే. దానిని గుర్తించిన స్వర్ణకారుడు ఆనాటి సూర్యచంద్రుల పనిని చేసినాడు. వేషమునకు మోసపోయిన అమాయకురాలిపై రాహువునకు కోపమెందుకుండును? ఆ తప్పు వేషము వేసిన వానిది.

మరియు రాహువు ఛాయాగ్రహము. భూమి నీడ చంద్రునిపై పడుటచే చంద్రగ్రహణమును, చంద్రుడు సూర్యుని కప్పుటచే సూర్యగ్రహణమును కలుగునని క్రీస్తుశకము 499 నాటి ఆర్యభటీయమున ఆర్యభటాచార్యులు స్పష్టముగా చెప్పిరి. నీడ వచ్చును, కొంతసేపు ఉండును, తొలగిపోవును. ఏ గ్రహణమును శాశ్వతముగా నిలువలేదు. నీడకు భయపడి అప్పు తెచ్చినచో నీడ పోయిన తరువాతను అప్పు నిలిచియుండును.

శక్తి గలవారు, సంప్రదాయముపై గౌరవముతో, తెలిసికొని, పరీక్షించి, తమ సొంత ధనముతో గోమేధికమును ధరించిన మేము వలదనము. శక్తి లేనివారు ధరింపకున్న లోపము లేదు. రాహువు ప్రీతికై పెద్దలు మినుములు దానమిమ్మనిరి. దుర్గాదేవిని ఆరాధింపుమనిరి. మానెడు మినుములు ఆకలిగొన్న ఇంటికి చేరిన అవి పిండివంట అగును. నవగ్రహములకు ప్రదక్షిణము చేయుటకు ఏ వర్తకుని అనుమతియు అక్కరలేదు. కూలివాని కూలి ఎగవేసి కొన్న రత్నముకన్న, వేళకు ఇచ్చిన కూలి ఆ ఇంటికి ఎక్కువ రక్ష.

ఆ కుటుంబము అప్పు తీర్చుటకు రెండు పంటలు పట్టినది. కుమార్తె చేతికి ఇప్పుడు ఏ రాయియు లేదు. ఆ తల్లి ప్రతి శనివారము మండపము చుట్టు తిరుగుచున్నది. భయముతో కాదు, అలవాటుగా, ప్రశాంతముగా. పెండ్లి కుదిరినదా యని మీరు అడుగవచ్చును. ఆ మాటను ఈ ప్రసంగమునకు సాక్ష్యముగా పెట్టుట మాకిష్టము లేదు. కుదిరిన రాయి వలన, కుదరకున్న రాయి వలన అని లెక్కించు అలవాటే ఆ ఇంటిని అప్పులో దింపినది.

కావున సోదర సోదరీమణులారా, మూడు మాటలు ఇంటికి తీసికొనిపొండు. చూడక, తూచక, రశీదు లేక రాతిని కొనకుడు. అప్పు చేసి, ఒకరి కష్టఫలమును ఆపి కొనకుడు. గడువు పెట్టి భయపెట్టువాని మాట విని, ఆ దినముననే కొనకుడు. ఒక్క వారము ఆగుడు. ఇంటిలో పెద్దలతో, తెలిసిన స్వర్ణకారునితో ఆలోచింపుడు. నిజమైన గోమేధికము వారములో కరిగిపోదు. ఆగుటకు వీలులేని రాయి ఏదైనను ఉన్నచో, దానినే ముందుగా అనుమానింపుడు.

స్వస్తి.